నైరుతి దిక్కున నొక్కు

ఆ కబురు నాకు మొదట చెప్పింది మా ఆఫీసులో టెలిఫోను బోర్డు దగ్గర కూర్చునే అక్క. ఆవిడ బోర్డు విడిచి మెట్లెక్కి పైకి రావడం అంతకు ముందు నేనెన్నడూ చూడలేదు. సాయంత్రం ఇంటికి బయలుదేరబోతూ సిరాబుడ్డికి మూత బిగిస్తున్నాను. ఆవిడ రొప్పుతూ గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఇన్నవా చెల్లె? రెండు ఇమానాలు జరంతల తప్పినయంట. మబ్బుల ఎదురెదురుగ వచ్చినయంట. పెద్ద ఇమానం పైలెట్ ఒక్కసారిగ పక్కకు తిప్పిండంట. లోపల కూసున్నోళ్ళు ఎగిరి పడ్డరు. ఒక ముసలమ్మకు చెయ్యి ఇరిగింది."

"ఎవరూ పోలేదు కదా అక్కా?"

"పోలే. దేవుడు సల్లగ సూసిండు. గని గాడ కంట్రోల్ల కూసున్న సారు పని మాత్రం అయిపోయినట్టే. రాడార్ తెర సూడకుండ ఏం చేస్తుండెనో అని అందరు ఆయన్నే తిడుతున్రు."

"ఏ దిక్కుల జరిగింది?" అని నా వెనక నుంచి ఒక గొంతు అడిగింది. అది మా పెద్దసారుది. డ్రాయింగు విభాగానికంతా ఆయనే పెద్ద.

"గదంత నాకేమెరుక సార్? నైరుతి దిక్కు అని ఎవరో అంటుంటే ఇన్న."

పెద్దసారు చేతిలో ఉన్న పెన్ను అప్పటికే తుడిచి శుభ్రంగా ఉంది. దాన్నే మళ్ళీ తుడుస్తూ కూర్చున్నారు. నేను చెప్పులేసుకుని మెట్లు దిగేదాకా తుడుస్తూనే ఉన్నారు.

ఇప్పుడు పటాలు గీసే ఈ పనిలో చేరుతున్న మీరంతా కంప్యూటరు ముందు పెరిగినవారు. మీకు ఇదంతా కొంచెం విడమరచి చెప్పాలి.

అవి డెబ్బైల మొదటి రోజులు. మా ఊరి విమానాశ్రయానికి కొత్తగా రాడార్ వచ్చింది. అంతకు ముందు పైలట్లు ఫలానా చోట ఉన్నామని రేడియోలో చెబితే, కంట్రోలు గదిలో వాళ్ళు రాసుకుని, మనసులో లెక్క కట్టుకుని దారి చెప్పేవారు. రాడార్ వచ్చాక విమానం ఒక వెలుగు చుక్కగా తెర మీద కనబడటం మొదలైంది. అయితే రాడార్ చూపు అన్ని చోట్లకూ అందదు. దీపానికి స్తంభం అడ్డొస్తే వెనక నీడ పడుతుంది కదా, అలాగే దాని చూపుకు గుట్ట అడ్డొస్తే ఆ వెనక తక్కువ ఎత్తులో ఎగిరే విమానం కనబడదు. అందుకని రాడార్ పెట్టగానే ఒక విమానాన్ని ఒక్కో దిక్కుకూ ఒకే ఎత్తులో పంపి, చుక్క ఎక్కడ మాయమవుతుందో గుర్తు పెట్టుకుంటారు. ఆ గుర్తులన్నీ కలిపితే ఊరి చుట్టూ ఒక పెద్ద గీత వస్తుంది. గీతకు లోపల ఉన్నది కనబడుతుంది, బయట ఉన్నది కనబడదు. కంట్రోలు గదిలో ఆ పటాన్నే గోడకు తగిలించేవారు. దాన్ని గీసే పని మాది.

నేను బడికి పోయి చదువుకున్నదాన్ని కాను. రాష్ట్రం ఏర్పడిన కొత్తలో నాన్నగారి ఉద్యోగంతో పాటు మేమంతా కోస్తా నుంచి ఈ ఊరొచ్చి, నాంపల్లి స్టేషను వెనక సందులో ఒక వాటా అద్దెకు తీసుకున్నాం. నాన్నగారు సర్వే ఆఫీసులో గుమాస్తా. ఇంటికి పటాలు తెచ్చుకుని నకళ్ళు తీసేవారు. వాటి మీద ఊళ్ళ పేర్లు రాయడం నాకు అప్పగించేవారు. లెక్కలు, ఇంగ్లీషు అక్షరాలు ఆయనే నేర్పారు. స్తోత్రాలు అమ్మ నేర్పింది. మెట్రిక్ ప్రైవేటుగా కట్టి గట్టెక్కాను. ఆ చేతిరాత చూసే నాకు ట్రేసరు ఉద్యోగం ఇచ్చారు. ట్రేసరంటే పెన్సిలుతో వేసిన పటం మీద కింది గీతలు కనబడే మైనపు గుడ్డ పరిచి, సిరాతో నకలు తీసే మనిషి. నాంపల్లి నుంచి ఆబిడ్స్ వెళ్ళే దారిలో నవాబుల కాలం నాటి ఒక పాత దేవిడీ పైఅంతస్తు మా ఆఫీసు. ఉత్తరం వైపు పెద్ద పెద్ద కిటికీలు. పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెట్టుకుని నడిచి వెళ్ళి, ఆ వెలుతురులో కూర్చోవడం ఎన్ని జన్మల పుణ్యమో అనుకునేదాన్ని. ఇప్పటికీ అలాగే అనుకుంటాను.

పెద్దసారుది చాదర్‌ఘాట్. తరతరాలుగా హైదరాబాదులోనే ఉన్న కుటుంబం. చదువంతా ఉర్దూలో. నెరిసిన మీసకట్టు. తెల్లటి షేర్వానీకి సిరా చుక్క అంటగా ఎవరూ చూసి ఎరుగరు. నేను చేరిన మొదటి రోజు నా టేబులు దగ్గరికొచ్చి, "ఏం బిడ్డా, రూలింగ్ పెన్ను పట్టినవా ఎప్పుడన్న?" అని అడిగారు.

"లేదండీ. పాళీ పట్టానండీ. పెన్ను మీరు నేర్పితే నేర్చుకుంటానండీ."

"ఒక్క మాటల మూడు అండీలా! గిన్ని అండీలు పెడితే గీత ఎప్పుడు గీస్తవమ్మా?" అని నవ్వారు. ఆ నవ్వుతోనే నా భయం సగం పోయింది.

ఆయన దగ్గర నేర్చుకున్నది ఇంత అని చెప్పలేను. ఊపిరి బిగబట్టి గీత మొదలుపెట్టకూడదు, వదులుతూ మొదలుపెట్టాలి అని నేర్పారు. పొరపాటు గీతను సగం బ్లేడుతో గీకి, గోటితో నున్నగా రుద్ది, మళ్ళీ సిరా పాకకుండా పట్టించడం నేర్పారు. మందపాటి డ్రాయింగు కాగితం అప్పుడు దొరికేది కాదు. అందుకని ట్రేసింగు ఆమోదం పొందగానే కింది పెన్సిలు పటాన్ని ఇరానీ హోటలు నుంచి తెచ్చిన నిన్నటి డబుల్‌రొట్టె లోపలి మెత్తటి భాగంతో రుద్ది తుడిచేసి, అదే కాగితాన్ని మళ్ళీ వాడేవాళ్ళం. ఆ తుడిచే పని కూడా ఆయన చూస్తుండగానే జరగాలి. పాడైపోయిన మైనపు గుడ్డ ముక్కల్ని వేన్నీళ్ళలో ఉతికితే పాలమీగడలాంటి బట్ట వచ్చేది. వాటిని నాకిచ్చి, "దేవుని పటాలకు తెర కుట్టుకో" అనేవారు.

ఆయనకున్న గర్వం ఒక్కటే. ఆయన విభాగం నుంచి బయటికి పోయిన ఏ గీతలోనూ వణుకు ఉండకూడదు. ఇంజనీర్లు కూడా అదే మెచ్చుకునేవారు. పై నుంచి వచ్చిన అధికారి ఎవరైనా మా పటం చూసి, "ఇది అచ్చు వేసిందా, చేత్తో గీసిందా?" అంటే, ఆ వారమంతా పెద్దసారు ముఖం వెలిగిపోయేది.

రాడార్ పటం నా టేబులు మీదికే వచ్చింది. పెన్సిలు గుర్తుల్ని కలుపుకుంటూ గీత తీసుకొస్తున్నాను. నైరుతి దిక్కులో రెండు మూడు గుర్తులు లోపలికి పడ్డాయి. గుండ్రటి లడ్డూను ఎవరో కొరికినట్టు అక్కడ ఒక నొక్కు. గుర్తులు ఎలా ఉంటే అలా గీసి, ఆరబెట్టి ఆయనకు చూపించాను.

"గిదేంది బిడ్డా, గీడ చెయ్యి వణికిందా?"

"లేదండీ. పెన్సిలు గుర్తులే అలా ఉన్నాయండీ."

ఆయన వంగి చూశారు. ఇంజనీరుగారి గదికి వెళ్ళి అడిగొచ్చారు. ఆ వైపున ఉన్న రాళ్ళగుట్టలు అంత ఎత్తు కావనీ, పరీక్ష విమానం అక్కడ మలుపు తిరుగుతూ ఒరిగి ఉంటుందనీ, ఒరిగినప్పుడు చుక్క కాసేపు మాయం కావడం మామూలేననీ ఆయన అన్నారట. "మీకు ఎలా బాగుంటే అలా చేయండి" అన్నారట. పెద్దసారు నా స్టూలు మీద కూర్చుని, సగం బ్లేడుతో ఆ నొక్కును గీకేశారు. ఫ్రెంచ్ కర్వ్ అనే వంపుల పలకను ఆనించి, పక్క గీతల్ని ఒక్క ఊపులో కలిపేశారు. అతుకు ఎక్కడుందో నాకే కనబడలేదు. ఎంత అందంగా వచ్చిందని మేమంతా చుట్టూ చేరి చూశాం. ముగ్గురు అధికారులు సంతకాలు పెట్టారు. నకళ్ళు విమానాశ్రయానికి వెళ్ళాయి. పెన్సిలు కాగితాన్ని రొట్టెతో తుడిచేశాం.

ఇక విమానాలు ఎదురుపడ్డ ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో వారం లోపల అందరికీ తెలిసిపోయింది. ముసురు పట్టిన రోజు. ప్రయాణికుల విమానం నైరుతి నుంచి వస్తోంది. మబ్బుల వల్ల దారి కొంచెం తప్పి, కిందికి దిగి వస్తోంది. రేడియోలో ఉరుముల గరగర. కంట్రోలు గదిలో ఉన్నాయన తెర చూశారు. ఖాళీగా ఉంది. పటం చూశారు. గీత లోపల ఉంటే కనబడి తీరాలి. కాబట్టి పెద్ద విమానం ఇంకా గీతకు అవతలే ఉందనుకుని, శిక్షణ ఇచ్చే చిన్న విమానాన్ని ఆ వైపు ఎగరనిచ్చారు. పెద్ద విమానం అప్పటికే గీత లోపలికి వచ్చేసింది. సరిగ్గా ఆ నొక్కులో ఉంది.

విచారణ మొదలైంది. కంట్రోలు గదిలో ఉన్నాయన్ని సస్పెండు చేశారు. ఆయనకు ఎదురు నిలిచిన సాక్ష్యం మా పటమే. చుక్క కనబడి తీరాల్సిన చోట నువ్వు చూడలేదంటే, నువ్వు తెర వైపు చూడటం లేదన్న మాట. అధికారుల వాదం అంతే. 

ఒకనాడు ఆయనే మా ఆఫీసుకు వచ్చారు. ముప్పై దాటని మనిషి. గడ్డం గీసుకోలేదు. కూర్చోమంటే కూర్చోలేదు.

"సార్, మీ మీద ఫిర్యాదుకు రాలేదు. ఒక్కటే అడగాలని వచ్చిన. నైరుతి దిక్కుల ఏమన్న అనుమానం ఉండెనా, మీరు గీసినప్పుడు?"

పెద్దసారు కుర్చీ ముందుకు జరిపారు. "ముందుగాల కూసో. చాయ్ తాగు," అన్నారు.

"చాయ్ వద్దు సార్. నేను తెర మీదికెల్లి కన్ను తీయలే. మా ఆమె మీద ఒట్టు. గని పది మంది అడుగుతుంటే నాకే శక్ వస్తుంది. చూసిననా? చూసిన అనుకుంటున్ననా? నిన్న రోడ్డు దాటుతుంటే బస్సు ఒస్తున్నదా లేదా అని నాలుగు సార్లు చూసిన సార్. నా కండ్లు నాకే నమ్మబుద్ధి అయితలేదు."

ఆ మాట అని, ఎవరి ముఖం చూడకుండా వెళ్ళిపోయారు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు చాలా మెల్లగా వినిపించింది. ఒక్కో మెట్టూ తడుముకుంటూ దిగుతున్న మనిషి చప్పుడు అది.

పెద్దసారు లేచి, బీరువాలోంచి అసలు ట్రేసింగు తీసి కిటికీ అద్దానికి ఆనించి పట్టుకున్నారు. వెలుతురు పడగానే నైరుతి దిక్కున గుడ్డ పలచబడ్డ చోటు తెల్లగా మెరిసింది.

మా విభాగంలో రెండో డ్రాఫ్ట్స్‌మన్ ఒకాయన ఉండేవారు. మా కోస్తా వైపు మనిషే. మంచివారు, కుటుంబీకులు. ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించి చెప్పారు: "సార్, దాన్ని లోపల పెట్టేయండి. రిటైరయ్యే వయసులో మీకెందుకండీ ఇదంతా? సిరా ఒలికితే గీకామంటే ఎవరు కాదంటారు? సంతకాలు పెట్టింది ఇంజనీర్లు. వాళ్ళే నోరు మెదపడం లేదు."

"ఔ, మెదపరు."

"మరి మీరెందుకు మెదపడం?"

పెద్దసారు గుడ్డను చుట్టచుట్టి నా వైపు తిరిగారు. "నువ్వేమంటవ్ బిడ్డా? నీకు ఎరుకే గద అంత."

నా గురువుకు చెప్పేంతటిదాన్నా నేను?  మనసులో స్వామిని తలుచుకున్నాను. నోట్లోంచి వచ్చింది ఇది: "ఆయనకు ఆయన కళ్ళ మీద నమ్మకం తిరిగి రావాలి కదండీ."

ఆయన "ఇయ్యాల ఒక్క అండీ తోనే సరిపెట్టినవ్," అన్నారు. నవ్వబోయారు గానీ నవ్వు రాలేదు.

విచారణ గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసు గదిలో జరిగింది. పెద్దసారుని ఎవరూ పిలవలేదు. తనే వస్తానని రాసి పంపారు. గుడ్డ చుట్ట పట్టుకోవడానికి నన్ను వెంట రమ్మన్నారు. దారి పొడుగునా నేను విష్ణు సహస్రనామం చదువుకుంటూ నడిచాను. ఎక్కడ తప్పిపోయానో తెలియక మళ్ళీ మళ్ళీ మొదటికొచ్చాను.

లోపల విచారణ జరిపే ముగ్గురు అధికారులు. పై నుంచి వచ్చిన పెద్దాయన మధ్యలో కూర్చున్నారు. గోడ వారగా ఆ కంట్రోలు ఉద్యోగి నిలబడి ఉన్నారు. పెద్దసారు చెప్పగా నేను గుడ్డను కిటికీకి అడ్డంగా పట్టుకున్నాను. ఆయన ఉర్దూలో మాట్లాడారు. ఆ మాటలు నాకు తెలిసినంతలో తెలుగులో రాస్తున్నాను.

"హుజూర్, ఇక్కడ ఒక నొక్కు ఉండేది. నా చేత్తో గీకేశాను."

"ఎవరు చెప్పారు గీకమని?"

విమానం ఒరిగి ఉంటుందన్న ఇంజనీరుగారి మాట ఆయన నాలుక మీద ఉంది. చెప్పవచ్చు. చెప్పినా అబద్ధం కాదు. ఆ ఇంజనీరుగారు ఆ గదిలోనే, బల్ల చివర, తల వంచుకుని కూర్చుని ఉన్నారు.

"మీకు ఎలా బాగుంటే అలా చేయమన్నారు. నాకు ఇలా బాగుంది. అందుకని గీకాను."

"బాగుండటమేమిటి? అది రాడార్ పటం."

"నిజమే హుజూర్. ముప్పై ఏళ్ళుగా నా చేతికి ఒక్కటే వచ్చు. వంకర కనబడితే సరిచేయడం. ఇది చెయ్యి వణికిన వంకర కాదని, నిజంగా ఉన్న వంకరని నాకు తట్టలేదు. ఈ బాబు తెర చూశాడు. తెర ఖాళీగానే ఉంది. నేను గీసిన పటం చెప్పింది అబద్ధం."

 నా చేతులు లాగేస్తున్నాయి గానీ గుడ్డ దించడానికి ధైర్యం చాలలేదు.

"దీని పర్యవసానం మీకు తెలుసా?" అని పెద్దాయన అడిగారు.

"తెలుసు హుజూర్. ఒక్క మనవి. నా మాట నమ్మవద్దు. ఆ దిక్కున మళ్ళీ విమానాన్ని పంపి చూడండి."

గోడ వారగా ఉన్నాయన రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నారు. ఆయన భుజాలు కదలడం చూసి నేను కిటికీ వైపు తిరిగిపోయాను.

మళ్ళీ విమానాన్ని పంపారు. ఈసారి మలుపు తిరగకుండా తిన్నగా పంపారు. చుక్క అక్కడే మాయమైంది. నొక్కు మేము ముందు గీసినదానికన్నా లోతుగా ఉందని తేలింది. గుట్ట ఎత్తు తక్కువే గానీ, రాడార్ నిలబెట్టిన చోటు నుంచి చూస్తే సరిగ్గా అడ్డం వస్తోందట. కంట్రోలు ఉద్యోగిని తిరిగి పనిలోకి తీసుకున్నారు. భగవంతుడికి ఎన్ని దండాలు పెట్టినా తీరని రుణం అది.

మిగతాది లోకంలో జరిగేదే. సంతకాలు పెట్టిన ముగ్గురిలో ఇద్దరికి తర్వాతి రోజుల్లో పై పదవులు వచ్చాయి. పెద్దసారుకు హోదా తగ్గించి, డ్రాయింగు బల్ల ముట్టుకోకూడదని ఉత్తర్వు ఇచ్చారు. రిటైరయ్యేదాకా మూలన ఉన్న టేబులు దగ్గర కూర్చుని, పోయే కవర్లకు బంక రాశారు. షేర్వానీ మాత్రం అలాగే తెల్లగా ఉండేది. రెండో డ్రాఫ్ట్స్‌మన్ గారు చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు. కోపంతో కాదు. మాట్లాడితే ఏడుపొస్తుందని ఒకసారి నాతో అన్నారు.

కొత్త పటం గీయడం నాకే వచ్చింది. నైరుతి దగ్గరకొచ్చేసరికి నా పెన్ను నెమ్మదించింది. వెనక ఎవరో నిలబడినట్టనిపించింది. పెద్దసారు. చేతులు రెండూ వెనక్కి కట్టుకుని నిలబడ్డారు, ఉత్తర్వు మీరకుండా.

"ఆగకు బిడ్డా. ఆగితే సిరా మందమైతది. గుర్తు యాడికి పొమ్మంటే గాడికి పో. పో, లోపలికి పో."

ఊపిరి వదులుతూ లోపలికి పోయాను. గీత వంకరగా, నిజంగా వచ్చింది. ఆయన చాలా సేపు దాన్ని చూశారు.

"మంచిగ కనిపిస్తలేదు గద?" అని నేనడిగాను. ఆయన భాషలో మాట్లాడటం అదే మొదలు.

"సక్కగున్నది," అన్నారు.

రిటైరైన రోజున వీడ్కోలు సభ జరగలేదు. టెలిఫోను అక్క, నేను, రెండో డ్రాఫ్ట్స్‌మన్ గారు రిక్షా దాకా వెళ్ళాం. అక్కడ నాలుగో మనిషి ముందే వచ్చి నిలబడి ఉన్నారు, డ్యూటీ బట్టల్లో. ఆ కంట్రోలు ఉద్యోగి. వంగి పెద్దసారు పాదాలకు మొక్కారు. "ఏయ్, నడి రోడ్డు మీద గిదేంది!" అని పెద్దసారు ఆయన్ని లేవనెత్తారు. రిక్షా ఆబిడ్స్ వైపు మలుపు తిరిగేదాకా ఆ యువకుడు కన్నార్పకుండా చూస్తూ నిలబడ్డారు.

పెద్దసారు పోయి చాలా కాలమైంది. ఆయన పేరు నేనిక్కడ రాయలేదు. ఆయన గీసిన పటాల మీద కూడా ఆయన పేరు ఉండేది కాదు, మా పనిలో అది ఆచారం. రోజూ దీపం ముందు నేను ఆయన పేరు చెప్పుకుంటాను. మీకు పేరు అవసరం లేదు. మీ పనిలో ఎక్కడో ఒకచోట నిజం వంకరగా కనబడుతుంది. దాన్ని నున్నగా చేయాలని చెయ్యి ముందుకు పోతుంది. పిలవకపోయినా గన్‌ఫౌండ్రీ దాకా నడిచి వెళ్ళి, ఆ చెయ్యి నాదే అని చెప్పిన ఒక చాదర్‌ఘాట్ మనిషి ఉండేవాడని ఆ క్షణంలో తలుచుకోండి. నేను పోయాక కూడా ఆయన్ని మరిచిపోకండి.